తెలుగు దారిలో స్పానిష్: పిల్లలతో కలిసి ఇంట్లో వీడియోలు చూస్తూ నేర్చుకోవడం ఎలా

డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉండే తెలుగు ఇళ్లలో పిల్లలు స్కూల్ నుంచి స్పానిష్ హోంవర్క్ తెచ్చుకుంటారు. టెక్సాస్ జనాభాలో దాదాపు 40 శాతం హిస్పానిక్ కుటుంబాలే కాబట్టి ఆ భాష వాళ్లకు వీధిలోనూ వినపడుతుంది. హైదరాబాద్‌లో అయితే ఐబీ, ఐజీసీఎస్ఈ లాంటి అంతర్జాతీయ సిలబస్ స్కూళ్లలో ఫ్రెంచ్ పక్కన స్పానిష్ కూడా పెడుతున్నారు. ఎక్కడున్నా తల్లిదండ్రులు చేసే మొదటి పని ఒకటే. యూట్యూబ్‌లో వెతికి ఒక పిల్లల వీడియో పెట్టి, తమ పని తాము చూసుకుంటారు. అలా వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత పిల్లలకు వచ్చేది పది రంగుల పేర్లు, ఇరవై వరకు అంకెలు, ఒక పాట. మాట్లాడడం రాదు.

అందుకే ఈ పద్ధతికి రెండు షరతులు. ఒకటి, మీరు పక్కన కూర్చుని పిల్లలతో పాటు నేర్చుకోవాలి. మీకు స్పానిష్ రాకపోయినా పర్వాలేదు, రాకపోవడమే ఒకరకంగా మంచిది. రెండు, స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు మీదుగా నేర్పండి. చాలాచోట్ల స్పానిష్ వాక్యం ఇంగ్లీషు కంటే తెలుగుకే దగ్గరగా ఉంటుంది. ఎలాగో కింద చెబుతాను.

లెక్క ముందే చూసుకుందాం. అమెరికా దౌత్యవేత్తలకు భాషలు నేర్పే ప్రభుత్వ సంస్థ, ఇంగ్లీషు మాట్లాడే పెద్దలకు స్పానిష్ బాగా రావడానికి సుమారు 600 నుంచి 750 క్లాసు గంటలు పడుతుందని లెక్క వేసుకుంటుంది. మీరు రోజుకు 20 నిమిషాలు ఇస్తే ఏడాదికి 120 గంటలు అవుతాయి. కాబట్టి ఏడాదిలో అనర్గళంగా మాట్లాడతారని ఆశపడకండి. నెమ్మదిగా చెప్పే కథ అర్థం కావడం, ఇంట్లో రోజూ వాడే మాటలు తడుముకోకుండా అనడం, ఈ రెండూ వస్తే చాలు.

ముందు ఏ స్పానిష్ కావాలో తేల్చుకోండి

20 దేశాల్లో అధికార భాష అయినప్పుడు యాస ఒక్కటే ఉండదు. అమెరికాలో ఉన్నవారు మెక్సికో స్పానిష్ పట్టుకోండి, బయట ఎక్కువగా వినపడేది అదే. ఇండియాలో ఉండి, స్కూల్ పుస్తకం స్పెయిన్‌లో తయారైనదైతే స్పెయిన్ స్పానిష్ తీసుకోండి. తేడా మరీ భయపడేంత లేదు. స్పెయిన్‌లో ఎక్కువ ప్రాంతాల్లో జెడ్ అక్షరాన్ని నాలుక పళ్ల మధ్య పెట్టి ఇంగ్లీషు 'థింక్'లో లాగా పలుకుతారు, లాటిన్ అమెరికాలో మామూలు 'స' అంటారు. చనువున్న నలుగురితో మాట్లాడేటప్పుడు స్పెయిన్‌లో 'మీరంతా' అనడానికి 'బొసొత్రోస్' అని వేరే మాట, దానికి వేరే క్రియారూపాలు ఉంటాయి. మెక్సికోలో ఆ బెడద లేదు. మొదటి ఆర్నెల్లు మాత్రం రెండూ కలపకండి. తర్వాత పిల్లలే తేడా పట్టుకుని మీకు చెబుతారు.

వీడియో ఎలా ఎంచుకోవాలి

ఒక చిన్న పరీక్ష ఉంది. వీడియోలో సౌండ్ తీసేసి రెండు నిమిషాలు చూడండి. బొమ్మలు, సైగలు చూసి ఏం జరుగుతోందో సగమైనా తెలిస్తే ఆ వీడియో పనికొస్తుంది. ఏమీ తెలియకపోతే అందులో భాష ఎంత మంచిదైనా మొదట్లో దండగ. పిల్లలకు భాష అర్థమైన మాటల నుంచే వస్తుంది, అర్థం కాని మాటలు ఎన్ని గంటలు విన్నా అవి రొదే.

ఇక వదిలేయాల్సినవి. టీచర్ ముప్పావు వంతు ఇంగ్లీషులోనే మాట్లాడి, మధ్యమధ్యలో ఒక స్పానిష్ పదం చూపించి 'రిపీట్' అనే పాఠాలు మనకు వద్దు. అంకెలు, రంగులు, పళ్ల పేర్లతో మెరుపుల్లా సాగిపోయే పాటలు కూడా మొదటి నెలలో వద్దు. 'ఎరుపు' అనే మాట వచ్చిన పిల్లవాడు ఎవరితో ఏం మాట్లాడగలడు? 'ఇవ్వు', 'కావాలి', 'చూడు', 'రా', 'ఎక్కడ' అనే మాటలు వస్తే ఆ రోజే వాడుకుంటాడు.

బాగా చిన్నపిల్లలకు స్పెయిన్‌లోనే తయారైన పొకోయో కార్టూన్ అనువుగా ఉంటుంది. తెల్లటి ఖాళీ నేపథ్యం, రెండు మూడు పాత్రలు, జరుగుతున్నదాన్ని పక్కనుంచి చెప్పే ఒక గొంతు. కంటికి కనపడేదే చెవికి వినపడుతుంది కాబట్టి మాట, అర్థం వెంటనే అతుక్కుంటాయి. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకూ మీకూ కలిపి డ్రీమింగ్ స్పానిష్ అనే వీడియోల సైట్ మంచిది. టీచర్లు బోర్డు మీద బొమ్మలు గీస్తూ స్పానిష్‌లోనే కథలు చెబుతారు, వీడియోలను 'సూపర్ బిగినర్' నుంచి పై స్థాయిల దాకా విడదీసి పెట్టారు. అది పెద్దలను దృష్టిలో పెట్టుకుని చేసింది గనుక ముందు మీరొకసారి చూసి, తర్వాత పిల్లలకు పెట్టండి.

మీ కోసం విడిగా లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ అనే ఉచిత ఆడియో కోర్సు ఉంది. 90 భాగాలు. వీడియో కాదు కానీ వాక్యం ఎలా కడతారో అంత తీరికగా విడమరిచి చెప్పేవి తక్కువ. వంట చేస్తూనో ట్రాఫిక్‌లో కూర్చునో వినొచ్చు. పిల్లల కంటే మీరు నాలుగు పాఠాలు ముందుంటే చాలు, ఇంకా ముందుకు పోవాలని టెన్షన్ పడకండి.

సెట్టింగ్స్ విషయం. ఫోన్‌లో కాదు, టీవీలో పెట్టండి. ఫోన్ ఒకరి చేతిలోకి పోతే రెండోవాళ్లకు కనపడదు, గొడవ మొదలవుతుంది. ఆటోప్లే ఆపేయండి, లేకపోతే మూడో వీడియోకల్లా ఇంగ్లీషు కార్టూన్‌లోకి జారిపోతారు. వేగం 0.75 పెట్టుకోవచ్చు, అంతకంటే తగ్గిస్తే మాట సాగిపోయి అసలు ఉచ్చారణ పాడవుతుంది. సబ్‌టైటిల్స్ మొదట్లో అసలు వద్దు, చదవడం వచ్చిన పిల్లల కళ్లు బొమ్మ వదిలేసి అక్షరాల మీదకే పోతాయి. రెండు మూడు నెలల తర్వాత స్పానిష్ సబ్‌టైటిల్స్ పెట్టండి. ఇంగ్లీషువి ఎప్పుడూ వద్దు.

రోజూ ఆ 20 నిమిషాల్లో ఏం చేయాలి

అయిదారు నిమిషాల వీడియో ఒకటి చాలు. ముందు రోజు రాత్రి మీరు ఒకసారి చూసి, అందులో ఇంట్లో పనికొచ్చే వాక్యాలు రెండు ఎంచుకుని కాగితం మీద రాసుకోండి. తెలుగు లిపిలోనే రాసుకోండి, ఇబ్బందేమీ లేదు.

మొదటిసారి ఆపకుండా మొత్తం చూడండి. మధ్యలో 'అర్థమైందా?' అని అడగకండి. ఆ ప్రశ్న వినపడగానే పిల్లలకు అది క్లాసు అయిపోతుంది. రెండోసారి ఆపుతూ చూడండి. తెర మీద పిల్లవాడు దూకితే ఆపి 'సాల్తా!' అనండి, మీరూ దూకండి. పరిగెడితే 'కొర్రె!', తలుపు తీస్తే 'అబ్రె లా పుయెర్తా'. మాట విని ఒళ్లు కదిలించడం ద్వారా భాష నేర్పే పద్ధతి 1960ల నుంచీ ఉంది, జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. చిన్నపిల్లలకు ఇంతకంటే మంచిది నాకు కనపడలేదు. పెద్దవాళ్లకు కాస్త సిగ్గు, అంతే.

వీడియో అయిపోయాక ఎంచుకున్న రెండు వాక్యాలను ఆ రోజంతా వాడాలి. అసలు చదువు ఇక్కడే ఉంది. నీళ్లు కావాలంటే 'కియెరో అగ్వా' అని అడిగితేనే గ్లాసు. ఇంకా కావాలంటే 'మాస్'. వద్దంటే 'నో కియెరో'. రిమోట్ కనపడకపోతే 'దోందె ఎస్తా?' మొదటి పక్షంలో ఈ పాటి మాటలు చాలు.

పిల్లలు ఇంగ్లీషులోనో తెలుగులోనో జవాబిస్తే తప్పు పట్టకండి. అదే మాటని మీరు స్పానిష్‌లో ఒకసారి అని వదిలేయండి. తప్పు పలికినా అంతే, సరిగా మీరు అనండి, వాళ్ల చేత మళ్లీ అనిపించకండి. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు 'ఏదీ, అంకుల్‌కి స్పానిష్ మాట్లాడి చూపించు' అనడం మాత్రం పూర్తిగా మానేయండి. పిల్లలు భాషను అసహ్యించుకోవడానికి అదొక్కటి చాలు.

పలకడం: మన అక్షరాలు ఉన్నాయిగా

స్పానిష్ అచ్చులు అయిదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. రాసింది రాసినట్టే పలుకుతారు. ఇంగ్లీషులో ఒకే అక్షరం నాలుగు రకాలుగా పలికే తలనొప్పి ఇక్కడ లేదు. టీ అక్షరం కనపడితే 'ట' కాదు 'త', డీ కనపడితే 'డ' కాదు 'ద'. అమెరికాలో పుట్టిన పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పినా సగం యాస సరవుతుంది. 'తాకో' అంటారు, 'టాకో' కాదు. హెచ్ పలకదు. జే అక్షరం గొంతులోంచి వచ్చే 'హ'. రెండు ఎల్‌లు పక్కపక్కన ఉంటే చాలా దేశాల్లో 'య'. వీ, బీ రెండూ 'బ'నే.

ఎన్ అక్షరం మీద చిన్న అల గీత ఉంటే అది 'న్య', అంటే మనం అక్షరమాలలో చదివి వదిలేసిన 'ఞ'. పచ్చిమిరపకాయలకు బదులు అమెరికాలో మన ఇళ్లలో వాడే జలపెనోను స్పానిష్‌లో 'హలపేన్యో' అంటారని చెప్పండి, జే, ఞ రెండూ ఒకే దెబ్బకు వస్తాయి. రాసేటప్పుడు ఆ అల గీత మరిచిపోనివ్వకండి. 'ఆన్యోస్' అంటే ఏళ్లు. గీత లేకుండా రాసి 'నాకు పదేళ్లు' అని చెప్పబోతే మలద్వారాల లెక్క చెప్పినట్టవుతుంది. పిల్లలకు ఈ సంగతి తెలిస్తే ఇక జన్మలో మరిచిపోరు.

ఆర్ సంగతి కొంచెం కష్టం. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. స్పానిష్ ఇళ్లలో పుట్టిన పిల్లలకు కూడా ఈ రెండో 'ర్ర' చివర్లోనే వస్తుంది. మనకు గొర్రె, బర్రె, కర్ర, బుర్ర, గుర్రం ఉన్నాయి. వీడియోకు ముందు ఈ అయిదు మాటలూ గట్టిగా అనిపించి, వెంటనే 'పెర్రో' అనిపించండి. అమెరికన్ ఆర్ అలవాటైన పిల్లలకు తెలుగు 'ర్ర' కూడా దీనితో పాటే కుదురుతుంది.

వాక్యాన్ని తెలుగులో వెతకండి

ఇంగ్లీషు మీదుగా వెళ్లే పిల్లలు బాగా తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. మన పిల్లలు అక్కడ తెలుగును ఆసరా చేసుకోవచ్చు.

'నాకు మామిడిపండు ఇష్టం' అంటాం. స్పానిష్‌లో 'మె గుస్తా ఎల్ మాంగో'. ఆ 'మె' మన 'నాకు'. ఇంగ్లీషులో ఇష్టపడే మనిషి కర్త, ఇక్కడ కాదు. 'నాకు తలనొప్పిగా ఉంది' అనడానికి 'మె దుయెలె లా కబేసా', ఇక్కడా 'నాకు'తోనే మొదలు. వయసు చెప్పేటప్పుడు 'తెంగో దియెస్ ఆన్యోస్' అంటారు, మాటకు మాట 'నాకు పదేళ్లు ఉన్నాయి'. ఆకలీ దాహమూ అంతే, 'తెంగో ఆంబ్రె', 'తెంగో సెద్'.

క్రియ చివర చూస్తే ఎవరో తెలుస్తుంది కాబట్టి 'నేను', 'నువ్వు' అక్కర్లేదు. కోమో, కోమెస్, కోమె అంటే తింటాను, తింటావు, తింటాడు. 'కోమో అర్రోస్' అంటే 'అన్నం తింటాను'. 'తు' అంటే నువ్వు, 'ఉస్తెద్' అంటే మీరు. తాతయ్యను మీరు అనడం వచ్చిన పిల్లలకు దీన్ని ప్రత్యేకంగా పాఠం చెప్పక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. పళ్లెం కడుగు అంటే 'లాబా ఎల్ ప్లాతో'. చేతులు కడుక్కో అంటే 'లాబతె లాస్ మానోస్'. చివర చేరిన ఆ 'తె' మన 'కో' చేసే పనే చేస్తుంది. కడుగు–కడుక్కో, దువ్వు–దువ్వుకో. కూర్చో, పడుకో లాంటివి కూడా స్పానిష్‌లో ఈ వరసలోనే వస్తాయి: 'సియెంతతె', 'అకుయెస్తతె'. పైగా మనం 'నీ చేతులు' అనం, వాళ్లూ అనరు. వ్యాకరణ పుస్తకాలు రిఫ్లెక్సివ్ అని పేరు పెట్టి చాలా పేజీలు నడిపే విషయం తెలుగు పిల్లలకు పళ్లు తోముకునేటప్పుడు వచ్చేస్తుంది.

'ఉండు' క్రియ స్పానిష్‌లో రెండు, సెర్, ఎస్తార్. ఇది పెద్దలను ఏళ్ల తరబడి ఇబ్బంది పెడుతుంది. మొదటి నెలలకు ఒక సూత్రం చెబుతాను. తెలుగులో క్రియ లేకుండా చెప్పేచోట సెర్ వాడండి: 'నాది గుంటూరు', 'సోయ్ దె గుంటూర్'. 'ఉన్నాను', 'ఉంది' వచ్చేచోట ఎస్తార్: 'ఇంట్లో ఉన్నాను', 'ఎస్తోయ్ ఎన్ కాసా', 'సూప్ వేడిగా ఉంది', 'లా సోపా ఎస్తా కాలియెంతె'. అన్నిచోట్లా ఇది పనిచేయదు. ఎండ వేడి గురించి చెప్పాలంటే ఇంకో క్రియ ఉంది, మనిషి అందం, పొడవు లాంటి శాశ్వత లక్షణాలకు మనం 'ఉంటాడు' అన్నా వాళ్లు సెర్‌నే వాడతారు. అయినా ఊరు, ఉద్యోగం, చోటు, ఒంట్లో ఎలా ఉంది అనే మామూలు మాటల్లో ఇది చాలావరకు నిలబడుతుంది.

తెలుగు సాయపడని చోటు లింగం. బల్ల ఆడ, పుస్తకం మగ అంటే మన పిల్లలు నవ్వుతారు. హిందీ చదివే పిల్లలకు కొంత అలవాటు ఉంటుంది. ప్రతి మాటనూ ఇంటిపేరుతో సహా పిలిచినట్టు 'ఎల్', 'లా' కలిపే నేర్పండి: లా మేసా, ఎల్ లీబ్రో. 'ఒ'తో ముగిస్తే మగ, 'అ'తో ముగిస్తే ఆడ అనే సూత్రం చాలావరకు సరే కానీ 'లా మానో' (చెయ్యి), 'ఎల్ దీయా' (రోజు) లాంటివి ఎదురు తిరుగుతాయి. అవి వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

ఆదివారం చింతపిక్కలతో లోతెరియా

మన తంబోలాకు మెక్సికోలో ఒక చుట్టం ఉంది, దాని పేరు లోతెరియా. అంకెలకు బదులు బొమ్మలుంటాయి. 54 కార్డులు, ఒక్కొక్కరి దగ్గర 16 బొమ్మల అట్ట. ఒకరు కార్డు తీసి పేరు చదువుతారు, ఆ బొమ్మ ఉన్నవాళ్లు దాని మీద చిక్కుడు గింజ పెడతారు. వరుస నిండితే 'లోతెరియా!' అని అరవాలి. ఎల్ గాయో (కోడిపుంజు), లా లూనా (చంద్రుడు), ఎల్ ఆర్బోల్ (చెట్టు) అని ప్రతి కార్డు మీదా ఎల్, లా రాసే ఉంటుంది కాబట్టి లింగం బాధ ఆటలోనే తీరుతుంది.

కొనక్కర్లేదు. ఆ వారం వీడియోల్లో వచ్చిన వస్తువుల బొమ్మలు పిల్లల చేతే గీయించి కార్డులు చేయండి. గింజలకు బదులు చింతపిక్కలు బాగా సరిపోతాయి. చింతపండును స్పానిష్‌లో 'తమరిందో' అంటారని, మెక్సికోలో దానితో షర్బత్ చేసుకుంటారని ఆ పూటే చెప్పేయొచ్చు. అసలు పేకే కొంటే అందులో దయ్యం, చావు, తాగుబోతు కార్డులు కూడా ఉంటాయి, చిన్నపిల్లలున్న ఇంట్లో తీసి పక్కన పెట్టుకోండి. ఊళ్లో ఉన్న అమ్మమ్మా తాతయ్యలకు అట్ట ఫొటో వాట్సాప్‌లో పంపితే వీడియో కాల్‌లో వాళ్లూ ఆడతారు. తంబోలా వచ్చిన వాళ్లకు కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు.

వయసును బట్టి మార్పులు

ఆరేళ్ల లోపు పిల్లలకు రాయడం, చదవడం పెట్టకండి. ఏడు నుంచి పదేళ్ల వాళ్లకు రోజుకు ఒక వాక్యం రాసే నోట్‌బుక్ ఇవ్వండి. పన్నెండు దాటినవాళ్లు దూకమంటే దూకరు. వాళ్లకు ఇష్టమైన ఫుట్‌బాల్, వంట, వీడియో గేమ్‌ల గురించి స్పానిష్ వాళ్లే చేసిన వీడియోలు వెతుక్కోనివ్వండి. మీ ఎంపిక వాళ్ల మీద రుద్దితే వారంలో వదిలేస్తారు.

లైవ్ టీచర్ ఎప్పుడు

మూడు నాలుగు నెలలు ఇలా గడిచి, పిల్లలు చిన్న వాక్యాలు తమంతట తాము అంటున్నప్పుడు పెట్టండి. అంతకుముందు పెడితే డబ్బు ఇచ్చి పళ్ల పేర్లు చెప్పించుకున్నట్టే. వారానికి ఒక అరగంట క్లాసు చాలు. గ్వాతెమాలాలోని ఆంతిగ్వా ఊరు స్పానిష్ బడులకు పేరుపడింది. ఆ దేశపు టీచర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతారు, చాలామంది నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడతారు.

సమయం కుదరడమే సమస్య. హైదరాబాద్‌లో ఉదయం 6:30 అయితే గ్వాతెమాలాలో, మెక్సికో సిటీలో ముందు రోజు సాయంత్రం 7, కొలంబియాలో రాత్రి 8. స్కూల్ బస్సుకు ముందు క్లాసు అయిపోవాలంటే ఇదే వేళ. స్పెయిన్ టీచర్ అయితే మన సాయంత్రం 7 వాళ్లకు శీతాకాలంలో మధ్యాహ్నం 2:30, వేసవిలో 3:30. అది భోజనం వేళ, ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి. డాలస్‌లో ఉన్నవారికి ఈ గొడవ లేదు, మెక్సికో సిటీతో తేడా చలికాలంలో అసలుండదు, వేసవిలో గంట.

మొదటి క్లాసులో మీరూ పక్కన కూర్చోండి. టీచర్ అరగంటలో ఎంత సేపు తను మాట్లాడారు, ఎంత సేపు పిల్లవాడి చేత మాట్లాడించారు అన్నది చూడండి. మొత్తం తనే మాట్లాడితే దానికి వీడియోనే చాలు, ఇంకొకరిని వెతకండి.

పరీక్ష

తొందర లేదు. కానీ 11 ఏళ్లు దాటాక ఒక లక్ష్యం కావాలనిపిస్తే స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ పెట్టే డెలె పరీక్షల్లో స్కూల్ పిల్లల కోసం ప్రత్యేకంగా ఏ1 (మొదటి మెట్టు), ఏ2–బీ1 (దాని పై మెట్లు) స్థాయిలవి ఉన్నాయి. ఆ సంస్థకు న్యూఢిల్లీలో కేంద్రం ఉంది. తేదీలు, దగ్గరి పరీక్షా కేంద్రం వాళ్ల సైట్‌లోనే చూసుకోవాలి. ఫీజు కట్టే ముందు ఇంట్లో పాత నమూనా పేపర్ ఒకటి చేయించండి. వినే భాగంలో పిల్లలు తేలిగ్గా గట్టెక్కి రాసే భాగంలో ఆగిపోతే, ఇంకో ఆర్నెల్లు నోట్‌బుక్ పని చేయించి అప్పుడు కట్టండి.